కురిచేడు స్టేషన్లో పెద్దమ్మ

నా పెళ్ళయిన ఎండాకాలం మా ఇంట్లోంచి ఒక మనిషి తప్పిపోయింది. మనిషి అంటే ఊపిరి ఉన్న మనిషి కాదు. మా పెద్దమ్మ. నేను పుట్టకముందే పోయింది. అయినా మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట చెల్లేది ఆమెదే.

మార్కాపురం పాతబజారులో అప్పట్లో ఇల్లు అద్దెకు అడిగేవాళ్ళు రెండు సంగతులు కనుక్కునేవాళ్ళు. ఎండాకాలం బావిలో నీళ్ళు నిలుస్తాయా, ఇంట్లో పేరంటాలు ఉందా. పసుపు కుంకాలతో పోయిన ఇల్లాలు ఇల్లు వదిలి పోదు. పేరంటాలై వంటింట్లోనో వెనక వసారాలోనో ఉండిపోతుంది. ఇందులో మాకు వింతా లేదు, భయమూ లేదు. మా తాలూకాను కర్నూలు నుంచి విడదీసి, కొత్త జిల్లాలో కలిపి, దానికి ప్రకాశం పేరు పెట్టిన రోజులవి. ఏ కాగితానికి ఏ ఊరు పోవాలో తెలియక మగవాళ్ళు తలలు పట్టుకుంటుంటే, "మన పేరంటాళ్ళను మాత్రం ఎవరూ యాడికీ మార్చలేదు, అంతే చాలు" అని ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

పేరంటాలు మాట ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఆడవాళ్ళకే వినపడుతుంది. మగవాళ్ళకు వినపడదు. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లకూ వినపడదు, రేపు ఆమె ఇంకో ఇంటి మాట వినాల్సిన మనిషి కాబట్టి. గడప దాకానే ఆ మాట, దాటి బయటికి పోతే ఇక ఎవరికీ వినపడదు. ఒక ఇంట్లో ఇద్దరు పేరంటాళ్ళు ఇమడరు. ఇవన్నీ మాకు ఎవరూ నేర్పలేదు, ఎక్కాలకంటే ముందే వచ్చేశాయి.

పెద్దమ్మ పేరు రామతులసమ్మ. మా నాయన చంద్రశేఖరరావుకు మొదటి భార్య. కాపురానికి వచ్చిన కొత్తలోనే విషజ్వరం తగిలి పోయింది. ఏడాది తిరగకుండా నాయన మా అమ్మను చేసుకున్నాడు. సవతి ఇంట్లోనే ఉందని తెలిసి అమ్మ వచ్చినరోజు వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయిందట. అప్పుడు లోపల్నుంచి ఒక ఆడపిల్ల గొంతు, "ఉప్పు పై అరలో ఉంది. ఈ ఇంట్లో ఎవరూ చెప్పరు నీకు" అన్నదట. అంతే, ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకటయిపోయారు.

అమ్మకు జుట్టు నెరిసింది, నడుము పట్టేసింది. ఇరవై ఏళ్ళు కూడా దాటని ఆ పిల్లను మాత్రం "అక్కా" అనే పిలిచేది. నాకు వినపడేది అమ్మ సగమే. "అట్లనా అక్కా?" "ఊరుకో అక్కా, పిల్ల వింటాది." తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఏం జోకు వేసిందో చెప్పమంటే చెప్పేది కాదు. నా చిన్నతనమంతా ఆ ఉక్రోషంతోనే గడిచింది.

నాయన మాత్రం ఎన్నడూ ఆ మాటల మధ్య కూర్చోలేదు. మాది పలకల వ్యాపారం. "అక్క చెబుతాంది..." అని అమ్మ మొదలుపెట్టగానే కండువా దులుపుకుని దుకాణానికి పోయేవాడు. పెద్దమ్మ పేరు ఆయన నోట నేను వినలేదు. ఆయనది రాతి గుండె అనుకునేదాన్ని.

నాకు పుట్టుకతో ఉబ్బసం. ఊరంతా పలకల దుమ్ము, ఇక చెప్పేదేముంది. నాకు ఆయాసం రాబోతోందని అందరికంటే ముందు పెద్దమ్మకు తెలిసేది. వెంటనే అమ్మను లేపేది. అమ్మ లేచి, వేన్నీళ్ళు కాచి, నన్ను కూర్చోబెట్టి, వీపు రాసేది. నేను బతికి బట్టకట్టింది ఆ ఇద్దరి చేతుల్లో.

కురిచేడు సంబంధం వచ్చింది. పిల్లవాడు బాలసుబ్రహ్మణ్యం, నెమ్మదస్తుడు. వాళ్ళ నాయన సీతారామాంజనేయులు స్టేషన్ దగ్గర కందులు, మిరపకాయల వ్యాపారం చేసేవాడు. ఇంట్లో తండ్రీకొడుకులే. ఆడదిక్కు లేదు. మాటలన్నీ అయ్యాక అమ్మ తలుపు చాటు నుంచి అడిగింది.

"అన్నయ్యగారూ, మీ ఇంట్లో పేరంటాలు ఉందా?"

"లేదమ్మా" అన్నాడాయన. "కొత్త ఇల్లు. మా ఇంటామె శ్రీశైలమ్మ దగ్గరుండి కట్టించింది. గోడలు లేస్తాండగానే జబ్బు చేసి ఆస్పత్రిలో పోయింది. గృహప్రవేశం చూడనే లేదు. పాలు పొంగించని ఇంటికి పేరంటాలెట్ల అవుతాది?"

నిజమే కదా అని అందరూ తలలూపారు. అమ్మ మొహం మాత్రం మాడిపోయింది. ఇంట్లో పేరంటాలు లేదంటే నాకు ఆయాసం వచ్చేముందు లేపే దిక్కు లేదని.

పెళ్ళికి ముందు పేరంటాలుకు చీర పెట్టడం మా ఆనవాయితీ. పీట మీద కొత్త చీర, రవిక, పసుపు, కుంకుమ, గాజులు పెట్టి తలుపు దగ్గరకు వేస్తాం. కాసేపటికి తీస్తే చీర మడత చెదిరి ఉంటుంది. అంటే ఆమె కట్టుకుని విడిచిందని. ఆ చీరను పెళ్ళికూతురు ఒక పూట కట్టుకుని, అత్తారింటికి బయల్దేరేముందు విప్పి పుట్టింటి పెట్టెలోనే పెట్టేయాలి. పొరపాటున కూడా గడప దాటించకూడదు. దాటిస్తే చీర వెంట ఆమె కూడా వెళ్ళిపోతుంది.

ఆసారి పసుపుపచ్చ చీరాల చీర పెట్టారు. అమ్మ తలుపు వేసుకుని చాలాసేపు లోపలే ఉండిపోయింది. నేను గోరింటాకు చేతులతో బయట కూర్చుని ఉన్నాను. ఎప్పటిలాగే సగమే వినపడింది.

"ఒప్పుకో అక్కా... ఆ ఇంట్లో నీ మాట దానికే వినపడతాది. దానితో మాట్లాడాలని ఎన్నేళ్ళుగా అంటాండావు?... నా సంగతి వదిలెయ్. నాకేమయితాది?"

తర్వాత అమ్మ ఏడ్చింది. పెళ్ళిళ్ళలో తల్లులు ఏడవడం మామూలే కదా అని నేను గోరింటాకు చూసుకుంటూ కూర్చున్నాను.

కురిచేడులో కొత్తింటి గడప ముందు మా ఇద్దరినీ నిలబెట్టారు. మొగుడూ పెళ్ళాం ఒకరి పేరు ఒకరు చెప్పందే లోపలికి రానివ్వరు. ఆ ఒక్కసారి చెప్పించుకుంటే మళ్ళీ జన్మలో మొగుడి నోట పేరు వినపడదు, అప్పటి కాపురాలు అట్లాంటివి. ఆయన సిగ్గుపడుతూ "నేనూ, ఉమామహేశ్వరీ వచ్చినాము" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వుల మధ్య పక్కనే ఎవరో అన్నారు.

"కుడికాలు పెట్టమ్మా. గడప ఎత్తుగా పెట్టించినా, చూసుకో."

ఎవరో పెద్దముత్తయిదువు అనుకుని చూశాను. అక్కడున్న వాళ్ళెవరూ నోరు తెరవలేదు.

"నీ వెనకాల ఆ పిల్లెవరు?" అన్నది ఆ గొంతే మళ్ళీ. "అయ్యో తల్లీ, పెట్టెలో చీర తెచ్చినావా? ఎవరు చెప్పినారు నీకు ఈ ఇంట్లో నేను లేనని?"

వెనక్కి తిరిగి చూశాను. పెట్టె మోస్తున్న కూలీ తప్ప ఎవరూ లేరు. "ఏంది, లోపలికి రా" అన్నాడు మా ఆయన. కుడికాలు లోపల పెట్టాను.

సాయంత్రం పెట్టె తీస్తే నా బట్టల అడుగున పసుపుపచ్చ చీర ఉంది. అప్పటికి గానీ నాకు విషయం అర్థం కాలేదు, నన్ను లేపడానికి అమ్మే చీర దాచి పెట్టి తన అక్కను నా వెంట పంపిందని. చీర ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడ్డాను. ఈ ఇంట్లో కోడలన్నదే లేక, ఇన్నేళ్ళూ శ్రీశైలమ్మ మాట విన్నవాళ్ళు లేరు. మగవాళ్ళిద్దరూ "లేదు" అన్నారు. మేము నమ్మాం. అబద్ధమాడిన వాళ్ళు ఒక్కరూ లేరు.

"నన్ను తిట్టుకోవద్దు" అన్నది అత్త. "ఈ గోడలన్నీ పొద్దున సాయంత్రం నేనే తడిపినా. గృహప్రవేశానికి కట్టుకోవాలనుకున్న చీర కట్టుకోకుండానే పోయినా. ఈ ఇల్లు ఇంకొకరికి ఎట్ల ఇయ్యను?"

"ఆమె ఏది అత్తా?"

"చీర వదిలేసి పోయింది. స్టేషన్ దిక్కు పోయింది. చిన్నపిల్ల, నా ముందర తలెత్తలేదు. 'పిల్లకు ఆయాసం రాకముందే లేపు వదినా' అని మాత్రం చెప్పింది."

పుట్టినప్పటి నుంచి నన్ను కాచిన మనిషి మాటల్లో నాకు దక్కింది ఆ ఒక్క మాట. అదీ ఇంకొకరి నోట.

దారి తప్పిన పేరంటాలుకు మార్గం కూడా అత్తే చెప్పింది. తప్పిపోయిన చోటికి కట్టుకున్నవాడు వచ్చి పేరు పెట్టి పిలవాలి. ఆ పిలుపు పట్టుకుని ఆమె ఇల్లు చేరుకుంటుంది. అయితే వాన పడేలోపే పిలవాలి. తడిసిన నేల మీద వాళ్ళకు దారి కనపడదు.

కొద్దిరోజులకే ఆయనా నేనూ మార్కాపురం పోయాము. నా మొహం చూడగానే అమ్మకు సగం తెలిసిపోయింది. నేను ఒక్కదాన్నే వంటింట్లోకి పోయి "పెద్దమ్మ..." అనగానే పొయ్యి ముందు పీట మీద కూర్చుండిపోయింది. మొత్తం విని, "ఉందని తెలిస్తే పంపుదునా?" అని ఒక్క మాట అన్నది. లేచి మొహం కడుక్కుని తిన్నగా దుకాణానికి నడిచింది. అమ్మ దుకాణం మెట్టెక్కడం నేను చూడటం అదే మొదటిసారి.

బడులు తెరిచే ముందు రోజులవి. మా వ్యాపారానికి ఏడాది తిండి ఆ కొద్ది వారాల్లోనే. ఎక్కడ చూసినా పలకల కట్టలు, గడ్డి, పురికొస. నాయన కట్టలు కట్టిస్తున్నాడు.

"కురిచేడు స్టేషన్ కాడికి వచ్చి ఒక్కసారి పేరు పెట్టి పిలవండి" అన్నది అమ్మ, జరిగిందంతా చెప్పి. "అంతకంటే ఏమీ అడగను."

నాయన తల ఎత్తలేదు. "సీజను. ఇప్పుడు కదిలితే సరుకంతా ఇక్కడే పడి ఉంటాది. ఈ లోడ్లు పంపించి వస్తా."

"వాన పడితే?"

"మన సీమలో శ్రావణం దాకా చినుకు రాలిందెప్పుడు చెప్పు?"

ఆ మాట నిజమే. పుల్లలచెరువు వైపు జనం మంచినీళ్ళకు ఊళ్ళు దాటి పోతున్న ఏడు అది. వాన వస్తుందని భయపడితే ఎవరైనా నవ్వుతారు. అయితే నేను నాయన చేతులు చూస్తున్నాను. కట్టిన కట్టనే విప్పి మళ్ళీ కడుతున్నాడు. సీజను ఒక సాకు. ఆయనకు ఆ పేరు పలకడానికే భయం. మంచి మనుషుల పిరికితనం ఎంత మర్యాదగా ఉంటుందో అప్పుడే చూశాను. తిడదామన్నా నోరు రాదు.

అమ్మ ఆగలేదు. నన్ను చూసే వంకతో పొద్దుటి పాసింజరు ఎక్కి కురిచేడు వచ్చేది. మా ఇంటికి రాకుండా ప్లాట్‌ఫారం మీద బల్ల మీదే కూర్చునేది. నేను మజ్జిగ తీసుకుపోయేదాన్ని. బయట ఆమెకూ పెద్దమ్మ మాట వినపడదు. పక్కన ఉందో లేదో కూడా తెలియదు. అయినా మాట్లాడుతూనే ఉండేది.

"నీళ్ళు అడుగంటినై అక్కా, చేద నిండటం లేదు. ఆ నల్లపిల్లి మళ్ళా ఈనింది, మన అటక మీదనే. ఆయన వస్తా అన్నాడు. లోడ్లు పోగానే వస్తాడు. ఈడనే ఉండు, యాడికీ పోవద్దు. రైలు ఎక్కవద్దు."

ఆ స్టేషన్లో ఎవరూ ఆమెను చూసి నవ్వలేదు. ప్రతి ఇంట్లో ఒక పేరంటాలు ఉన్న జనం. ఎంత రద్దీగా ఉన్నా అమ్మ పక్కన చోటు ఖాళీగానే వదిలేవాళ్ళు.

పెద్దమ్మ అడిగిన మాటను అత్త నిలబెట్టింది. ఆయాసం రాబోయేముందు నన్ను లేపేది, వేన్నీళ్ళు పెట్టుకోమనేది. లేచినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఈ ఇంట్లో నన్ను లేపే మనిషి ముందే ఉంది. అమ్మ తన పక్క మనిషిని ఊరికే పోగొట్టుకుంది.

ఆ ఏడు మృగశిరలోనే వాన పడింది. మధ్యాహ్నం నల్లమల వైపు నుంచి మబ్బు లేచి, చూస్తుండగానే ఊరి మీదకు వచ్చేసింది. జనం వీధుల్లోకి వచ్చి తడిశారు. మా మామగారు అరుగు మీద నిలబడి, "కందికి తిరుగులేదు ఈ ఏడు!" అని కనపడిన వాళ్ళందరికీ బెల్లం పంచాడు. నేను గొడుగు తీసుకుని స్టేషన్‌కు పరుగెత్తాను. అమ్మ బల్ల మీదే ఉంది. తను తడిసి ముద్దయింది. కొంగు మాత్రం చాచి, పక్కన ఖాళీ చోటు మీద పట్టుకుని ఉంది.

"అమ్మా, లే."

"ఉండు. తగ్గిపోతాది. పెద్దవాన కాదు."

అది పొద్దుగూకేదాకా తగ్గలేదు. దేశమంతా సంతోషించిన వానను చూసి ఏడ్చింది మా అమ్మ ఒక్కతే.

ఆషాఢానికి నన్ను తీసుకుపోవడానికి నాయన వచ్చాడు. అమ్మా వెంట ఉంది. లోడ్లన్నీ పోయాయి, వ్యాపారం బాగా జరిగింది. ఆయన మొహంలో మాత్రం ఆ కళ లేదు. రైలు దిగి నాతో మాట కూడా మాట్లాడకుండా ప్లాట్‌ఫారం చివర నీళ్ళ ట్యాంకు దాకా నడిచాడు. మేము వెనకాల నిలబడ్డాం. పట్టాల వైపు తిరిగి కండువా సర్దుకున్నాడు. తర్వాత పక్కవాడికి కూడా వినపడనంత చిన్నగా, "రామతులసీ" అన్నాడు.

"వినపడేట్టు పిలవండి" అన్నది అమ్మ.

"రామతులసీ!" అని అరిచాడు నాయన. బుట్టలవాళ్ళు, కూలీలు, రైలు కోసం వచ్చిన వాళ్ళు అందరూ తిరిగి చూశారు. "రామతులసీ, ఇంటికి పోదాం రా! నువ్వు పోయిన ఏడాదిలోనే ఇంకొక పెళ్ళి చేసుకున్నోణ్ణి. ఏ మొహం పెట్టుకుని నీ పేరు పలికేది? అందుకే నోరు రాలేదు. ఇప్పుడు పిలుస్తాండ, రా!"

కండువా మొహానికి అడ్డం పెట్టుకుని, అంతమందిలో, ఆ పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. రాతి గుండె అని నేననుకున్నది ఇన్నేళ్ళూ దాచుకున్న సిగ్గు. అమ్మ పోయి ఆయన మోచెయ్యి పట్టుకుంది. తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు వదిలేసి ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం.

ఇంటికి చేరాక నాయన వసారాలోనే ఆగిపోయాడు. అమ్మ ఒక్కతే వంటింట్లోకి పోయింది. నాకు వినపడదు కాబట్టి నేను అమ్మ మొహమే చూస్తున్నాను. పొయ్యి దగ్గర నిలబడింది. అరల దగ్గర నిలబడింది. వెనక తలుపు దాకా పోయి వచ్చింది.

"వచ్చిందా?" అన్నాడు నాయన. వసారాలోంచి ఆ గొంతు చిన్నపిల్లవాడి గొంతులాగా వచ్చింది.

అమ్మ గుమ్మంలోకి వచ్చి ఆయన్ను చూసింది. "వచ్చింది" అన్నది.

మరునాడు బావి దగ్గర నీళ్ళు చేదుతూ నాకు చెప్పింది. "ఏమీ వినపడలేదే ఉమా. ఇంట్లో ఎవరూ లేరు."

"మరి నాయనకు అట్ల చెప్పినావే?"

"ఆయన్ను చూసినావు గదా. ఇంకేం చెప్పమంటావు?"

ఆ రోజు నుంచి నాయన మారిపోయాడు. దుకాణం నుంచి పెందలాడే వచ్చేవాడు. వంటింట్లోనే పీట వేయించుకుని కూర్చునేవాడు. "ఏమంటాంది?" అని అడిగేవాడు. అమ్మ ఏదో ఒకటి చెప్పేది. చారులో ఉప్పు తగ్గిందంటాంది, మీరు చిక్కిపోయినారంటాంది. ఆయన నవ్వేవాడు. ఆయన నవ్వుతుంటే అమ్మా నవ్వేది. గిన్నె కోసం వెనక్కి తిరిగినప్పుడు ఆ నవ్వు ఉండేది కాదు.

పంపించినందుకు అక్కకు తన మీద కోపం వచ్చిందేమోనన్న దిగులు అమ్మను తినేసింది. అట్లాంటిదేమీ లేదని అబద్ధం చెప్పడానికి కూడా అమ్మకు ఎవరూ లేరు.

ఆషాఢం చివర, నేను కురిచేడు బయల్దేరే రోజు, నాయన అన్నం ముందు కూర్చుని కలుపుకోకుండా ఆగాడు.

"ఒక మాట అడుగు" అన్నాడు. "నేను ఆలస్యంగా పిలిచినందుకు కోపంగా ఉందా?"

అమ్మ గరిటె కింద పెట్టి, పొయ్యి పక్క మూలకు తిరిగింది. చాలాసేపు అట్లాగే నిలబడింది. అది నటన కాదు. నిజంగానే వింటోంది. ఈసారైనా వినపడుతుందేమోనని ఒళ్ళంతా చెవులు చేసుకుని వింటోంది.

"లేదంట" అన్నది చివరికి. "చల్లారిపోతాంది, అన్నం తినమంటాంది."

నాయన తల వంచుకుని తిన్నాడు.